ఎల్డెన్ రింగ్‌కు అంతం ఉంది, వరుస తెలిసి ఆడితే

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవుల్లో కుర్రాళ్లు వీడియో గేములకు అతుక్కుపోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చాలా సంగతులు నిజమే. ఒక్క మాట దగ్గరే నాకు అభ్యంతరం. పెద్ద ఓపెన్ వరల్డ్ గేములకు, అంటే ఎటైనా తిరుగుతూ ఆడే ఆటలకు, అంతమనేది ఉండదు, ఎంత ఆడినా తరగవు, అందుకే అందులో పడినవాళ్లు బయటికి రాలేరు అని రాశారు. ఫోన్లో రోజూ కొత్త పని చూపించి, కొత్త పెట్టె చూపించి డబ్బు అడిగే ఆటల విషయంలో అది నిజం. ఒకసారి కొనుక్కుని ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేముల విషయంలో కాదు. వాటికి లెక్క ఉంది, ఆ లెక్క పూర్తవుతుంది. మధ్యలో చిక్కుకుని వందల గంటలు పోగొట్టుకునేవాళ్లకు లోపించేది ఓపిక కాదు, ఏది ముందు ఏది వెనక అన్న వరుస. విజయవాడ, గుంటూరుల్లో ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీదో, గంటకింత అని తీసుకునే గేమింగ్ సెంటర్లలోనో ఇవి ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, ఒక్క ఆటను తీసుకుని ఆ వరుస వివరంగా రాస్తున్నాను. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపాన్‌కు చెందిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ తయారుచేసింది, 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. దర్శకుడు హిడెటాకా మియజాకి. ఆ లోకపు పురాణగాథను అమెరికన్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అల్లాడు. ఆట లోపల డబ్బు పెట్టి కొనేది ఏమీ లేదు. మన రాష్ట్రంలో 2020లో నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లతో దీన్ని ఒకే గాటన కట్టడం తప్పు. అయితే ఇది చిన్నపిల్లల ఆట కూడా కాదు. అమెరికా రేటింగ్ 17 ఏళ్లు దాటినవారికని, యూరప్ రేటింగ్ 16 దాటినవారికని ఉంది. ఆరో తరగతి పిల్లాడికి కొనిపెట్టే ముందు తల్లిదండ్రులు ఆ అంకె చూసుకోవాలి.

ఇందులో మొత్తం 42 ట్రోఫీలు, అంటే నిర్ణీత పని చేస్తే వచ్చే గుర్తింపులు, ఉన్నాయి. కంప్యూటర్‌లో వీటినే అచీవ్‌మెంట్లు అంటారు. 30 ట్రోఫీలు ఫలానా బాస్‌ను, అంటే పెద్ద శత్రువును, ఓడించినందుకు వచ్చేవి. మూడు ముగింపులకు మూడు. లెజెండరీ అని ముద్ర ఉన్న ఆయుధాలు, మంత్రాలు, తావీదులు, ఆత్మల బూడిదలు (పోరులో తోడుగా ఆత్మలను పిలిచేవి) అన్నీ సేకరిస్తే నాలుగు. ఏదైనా ఒక ఆయుధాన్ని చివరి మెట్టు దాకా పదును పెడితే ఒకటి. రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే మజిలీకి చేరడం, పెద్ద బాసుల దగ్గర దొరికే గ్రేట్ రూన్‌లలో ఒకదానికి తిరిగి శక్తి తేవడం, ఎర్డ్‌ట్రీ అనే మహావృక్షానికి నిప్పు పెట్టడం ఇంకో మూడు. ఇవన్నీ వచ్చాక చివరిది దానంతటదే వస్తుంది. ఇంతే, ఇక మిగిలేది లేదు. తీరిగ్గా ఆడితే వంద గంటలు దాటుతుంది. తప్పుడు వరుసలో ఆడితే దానికి రెట్టింపు కావచ్చు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఈ ఆటలో చేయాల్సిన పనుల జాబితా ఎక్కడా కనిపించదు. చాలా ఆటల్లో ఒక బటన్ నొక్కితే ఎవరు ఏ పని చెప్పారో, ఎంతవరకు అయిందో, ఎటు వెళ్లాలో చూపిస్తుంది. ఇక్కడ ఒక మనిషి ఒక్కసారి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాడు. అది గుర్తుంచుకోవడం మన బాధ్యత. 2022 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో, కలిసిన మనుషుల పేర్లు మ్యాప్ మీద గుర్తులుగా పడటం మొదలైంది. అది కొంత మేలు. కానీ అతను ఏమడిగాడో ఆ గుర్తు చెప్పదు. అందుకని పక్కన ఒక నోటుపుస్తకం తప్పనిసరి. తెలుగులోనే రాసుకోండి: ఎవరు, ఎక్కడ, ఏం అడిగారు, ఏ వస్తువు ఇచ్చారు. ఆటకు తెలుగే కాదు, ఏ భారతీయ భాషా లేదు. అందులోని పాత ఇంగ్లిష్ మాటలు ఒక్కసారి చదివితే తలకెక్కవు. చదివిన వెంటనే సొంత మాటల్లో ఒక వాక్యం రాసుకుంటే వారం తర్వాత పనికొస్తుంది. తెరవలేని తలుపు, ఓడించలేని బాస్ ఎదురైనప్పుడు మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. అలాంటి గుర్తులు వంద దాకా పెట్టుకోవచ్చు.

ఇక దాటితే వెనక్కి రాలేని అసలు గేటు. కథలో ఒక చోట పర్వత శిఖరం మీది కొలిమి దగ్గర ఎర్డ్‌ట్రీకి నిప్పు పెడతాం. అక్కడి నుంచి ఆట మనల్ని ఫారుమ్ అజులా అనే ఆకాశ శిథిలాలకు చేరుస్తుంది. అక్కడ మలికెత్ అనే బాస్ చచ్చిన క్షణం నుంచి రాజధాని లేండెల్ బూడిదలో కూరుకుపోతుంది. పాత నగరం మళ్లీ రాదు. తొమ్మిది లెజెండరీ ఆయుధాల్లో ఒకటైన బోల్ట్ ఆఫ్ గ్రాన్సాక్స్ అనే ఈటె ఆ పాత నగరంలోనే ఉంది, నగరం మధ్య గుచ్చుకుని ఉన్న బ్రహ్మాండమైన ఈటె మీద. ముందే తీసుకోకపోతే ఆ ఆయుధం కోసం ఆటను రెండోసారి మొదలుపెట్టి మళ్లీ రాజధాని దాకా రావాలి. ట్రోఫీ జాబితాలో 40 దగ్గర ఆగిపోయి తల పట్టుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగుతారు. దీనికి సరిగ్గా ఎదురుగా, ఎనిమిది లెజెండరీ తావీదుల్లో ఒకటైన ఎర్డ్‌ట్రీస్ ఫేవర్ ప్లస్ 2 ఆ బూడిద నగరంలోనే దొరుకుతుంది. మలికెత్ చావకముందు అది దొరకదు. అంటే ఒక వస్తువు ముందు, ఇంకోటి తర్వాత. కాలువకు నీళ్లు వదిలే రోజు చూసుకుని నారు పోసుకునే డెల్టా రైతుకు ఈ పద్ధతి చెప్పక్కర్లేదు. మలికెత్ గదిలో అడుగు పెట్టేముందు నోటుపుస్తకం తీసి, లేండెల్ పేరు కింద రాసుకున్నవన్నీ కొట్టేశామా లేదా చూసుకోవాలి. లేండెల్ కింది మురుగు సొరంగాల్లో ఉండే మోగ్ ది ఒమెన్ అనే బాస్‌కు కూడా ట్రోఫీ ఉంది. ఆ పని కూడా ఈలోపే పూర్తిచేయడం మంచిది. ఎందుకో ముగింపుల దగ్గర చెబుతాను.

నన్నడిగితే ఈ ఆట మొత్తానికి వెన్నెముక రాన్నీ అనే మంత్రగత్తె కథ. పక్క కథలా కనిపిస్తుంది గనుక చాలామంది వదిలేసి ముందుకు పోతారు. కానీ లెక్క వేస్తే ఏడు ట్రోఫీలు దీనిమీదే ఆధారపడి ఉన్నాయి. ఒక ముగింపు ఇక్కడిదే. ఆస్టెల్ అనే బాస్ ఈ దారి చివర ఉంటుంది. లెజెండరీ జాబితాలు నాలుగింటిలోనూ ఒక్కో వస్తువు ఈ దారిలోనే ఉంది: ఆయుధాల్లో డార్క్ మూన్ గ్రేట్‌స్వోర్డ్, మంత్రాల్లో రాన్నీస్ డార్క్ మూన్, బూడిదల్లో బ్లాక్ నైఫ్ టీష్, తావీదుల్లో మూన్ ఆఫ్ నొక్‌స్టెల్లా. ఏడోది ఫోర్టిసాక్స్ అనే డ్రాగన్. దాని తాళంచెవి కూడా రాన్నీ దగ్గర నుంచే వస్తుంది.

దారి ఇదీ. లియూర్నియా అనే ప్రాంతపు వాయవ్యంలో ఉన్న కారియా మేనర్‌లో రాయల్ నైట్ లొరెట్టాను ఓడిస్తే వెనక మూడు బురుజులు కనిపిస్తాయి. మధ్యలో తిరిగి వెళ్లిపోకుండా రాన్నీ ఉన్న బురుజు ఎక్కి, ఆమె కొలువులో చేరతానని ఒప్పుకోవాలి. కింద కనిపించే ముగ్గురితో, అంటే బ్లైడ్, ఇజీ, సెలూవిస్‌లతో మాట్లాడి, మళ్లీ పైకెళ్లి ఆమెతో మాట్లాడాలి. తర్వాత రెడ్‌మేన్ కోటలో జనరల్ రాడాన్‌ను ఓడించాలి. రాడాన్ పడగానే నక్షత్రం ఒకటి రాలి లిమ్‌గ్రేవ్ అడవిలో పెద్ద గొయ్యి పడుతుంది. ఆ గొయ్యిలోంచి దిగితే నొక్రాన్ అనే పాతాళ నగరం. అక్కడి పెట్టెలో ఫింగర్‌స్లేయర్ బ్లేడ్ ఉంటుంది. మిమిక్ టియర్ అనే లెజెండరీ బూడిద కూడా ఆ ప్రాంతంలోనే, రాతికత్తి తాళంచెవి అడిగే పొగగోడ వెనక ఉంది. ఈ తాళంచెవులు పరిమితం కాబట్టి వాటిని అడిగే ప్రతి బొమ్మకూ వాడేయకుండా ఒకటి అట్టేపెట్టుకోవాలి.

బ్లేడు తెచ్చి రాన్నీకి ఇస్తే ఆమె తలకిందుల విగ్రహం ఒకటి ఇస్తుంది. కారియన్ స్టడీ హాల్‌లో దాన్ని పెడితే భవనమంతా తలకిందులవుతుంది. పైకప్పు మీద నడుస్తూ చివరికి వెళ్తే కర్స్‌మార్క్ ఆఫ్ డెత్ దొరుకుతుంది. దీన్ని మరిచిపోకండి, ఫోర్టిసాక్స్ కోసం కావాలి. రాన్నీ కథ దీని అవసరం లేకుండానే ముందుకు పోతుంది కాబట్టి చాలామంది హాలు జోలికే వెళ్లరు, నెల తర్వాత వెతుక్కుంటారు.

ఆపైన రెన్నాస్ రైజ్ అనే పక్క బురుజు మూత తెరుచుకుంటుంది. పైనున్న ద్వారం ఐన్సెల్ నదికి చేరుస్తుంది. చేరగానే దగ్గరలో ఒక చిన్న బొమ్మ పడి ఉంటుంది. దాన్ని తీసుకుని, గ్రేస్ అనే విశ్రాంతి వెలుగు దగ్గర కూర్చుని, బొమ్మతో మాట్లాడే ఎంపికను మూడుసార్లు నొక్కాలి. మొదటి రెండుసార్లు ఏమీ జరగదు. అందుకే బొమ్మ పలకదనుకుని వదిలేస్తారు, కథ అక్కడే ఆగిపోతుంది. మూడోసారి పలుకుతుంది. తర్వాత నొక్‌స్టెల్లా దాటాక బేల్‌ఫుల్ షాడో అనే తోడేలు రూపాన్ని చంపితే పాత భవనపు తాళంచెవి వస్తుంది. అది రాయ లుకారియా అకాడమీలో రెన్నాలా అనే బాస్ పక్కనున్న పెట్టెకు. పెట్టెలో ఉంగరం. అది తీసుకుని తిరిగొచ్చి, కుళ్లు సరస్సు దాటి, శవపేటికలో పడుకుంటే ఆస్టెల్ దగ్గరికి. సరస్సులో నడుస్తుంటే స్కార్లెట్ రాట్ ఎక్కి ప్రాణం కారిపోతుంటుంది. దానికి విరుగుడు బోలస్‌లు కనీసం ఐదారు తయారుచేసుకుని దిగాలి. ఆస్టెల్‌ను గెలిస్తే మూన్‌లైట్ ఆల్టర్ పీఠభూమికి దారి. అక్కడి చర్చి కింద రాన్నీ చేతికి ఉంగరం తొడిగితే ఆ కథ పూర్తి. పీఠభూమి దిగేముందు చెలోనాస్ రైజ్ బురుజు, రింగ్‌లీడర్స్ ఎవర్‌గోల్ రెండూ ముగించుకోండి. లెజెండరీ మంత్రం, టీష్ బూడిద అక్కడివే.

ఒక జాగ్రత్త. సెలూవిస్ మధ్యలో ఒక మందు ఇచ్చి రాన్నీకి తాగించమంటాడు. తాగిస్తే ఆమె ఆగ్రహిస్తుంది, కథ తెగిపోతుంది. ఒకవేళ అలా జరిగినా, పొరపాటున ఎవరి మీదైనా కత్తి దూసినా, చర్చ్ ఆఫ్ వోస్‌లో సెలెస్టియల్ డ్యూ అనే వస్తువుతో క్షమాపణ దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు.

కర్స్‌మార్క్ చేతిలో ఉంటే ఫియా కథ ముగించవచ్చు. రౌండ్‌టేబుల్‌లో ఓదార్పు ఇచ్చే ఆమె చివరికి డీప్‌రూట్ డెప్త్స్ అనే లోతుల్లో, మృత్యు రాకుమారుడి సింహాసనం దగ్గర కనిపిస్తుంది. అక్కడికి పోయే ఒక దారి సియోఫ్రా కాలువలో ఇద్దరు గార్గాయిల్‌లను ఓడించాక తెరుచుకుంటుంది. వాటికీ ట్రోఫీ ఉంది. ఫియా అనుచరుల ఆత్మలతో పోరాడి గెలిచి, ఆమెకు కర్స్‌మార్క్ ఇచ్చి, ఆమె నిద్రపోయాక కలలోకి వెళ్తే ఫోర్టిసాక్స్ ఎదురవుతుంది. గెలిచాక మెండింగ్ రూన్ కూడా వస్తుంది. దానితో ఇంకో రకం ముగింపు దొరుకుతుంది కానీ దానికి వేరే ట్రోఫీ లేదు. మొత్తం ఆరు ముగింపులున్నా ట్రోఫీలు మూడింటికే. ఆట పేరులోని ఎల్డెన్ రింగ్‌ను సరిచేసే నాలుగు రకాల్లో ఏది ఎంచుకున్నా ఎల్డెన్ లార్డ్ అనే ఒకే ట్రోఫీ వస్తుంది. కాబట్టి మిగతా రకాలకు దారితీసే గోల్డ్‌మాస్క్, డంగ్ ఈటర్ అనేవాళ్ల కథలు ట్రోఫీ కోసమైతే అవసరం లేదు. కథ కోసం ఆడితే ఆడండి, గోల్డ్‌మాస్క్ కథ నిజంగా ఆడదగ్గది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రెడ్‌మేన్ కోటలో రాడాన్ పండగ జరుగుతున్నంతకాలం కోట బాసులు కనిపించరు. రాడాన్ పడ్డాక తిరిగి వెళ్తే ఇద్దరు కలిసి వస్తారు, వాళ్ల దగ్గరే రూయిన్స్ గ్రేట్‌స్వోర్డ్ ఉంది. వోల్కెనో మేనర్‌లో ఇచ్చే హత్యల పనులు అక్కడి బాస్ రైకార్డ్‌ను చంపకముందే ముగించుకోవాలి, అతను పోయాక ఆ ఇల్లు ఖాళీ అయిపోతుంది. మలీనియా అనే బాస్ ఉండే హాలిగ్‌ట్రీ చెట్టుకు వెళ్లాలంటే రహస్య పతకం రెండు ముక్కలు కావాలి. ఒకటి ఆల్బినారిక్ పల్లెలో దాక్కున్న ముసలాయన ఇస్తాడు, రెండోది క్యాసిల్ సోల్‌లో కమాండర్ నియాల్‌ను ఓడించాక. ఆ చెట్టు కింది ఎల్ఫేల్ నగరంలో రెండు తావీదులు, ఒక బూడిద ఉన్నాయి. బాస్ దగ్గరికి తొందరపడి వెళ్లేవాళ్లు వీటిని వదిలేస్తారు.

ఆయుధం పదును విషయంలో అనవసరంగా కష్టపడేవాళ్లున్నారు. మామూలు ఆయుధం ప్లస్ 25 దాకా వెళ్తుంది. ఎనిమిది అంచెల్లో ఒక్కో అంచెకు 2, 4, 6 చొప్పున 12 పదును రాళ్లు, అంటే 96 రాళ్లు, చివర్లో ఒక ప్రాచీన డ్రాగన్ రాయి. సోంబర్ అనే వేరే రకం రాళ్లతో పెరిగే ప్రత్యేక ఆయుధమైతే ప్లస్ 10 చాలు. తొమ్మిది మెట్లకు ఒక్కో రాయి, పదో మెట్టుకు ఒక ప్రాచీన డ్రాగన్ సోంబర్ రాయి. మొత్తం పదే. ట్రోఫీకి ఏదైనా ఒకటే కాబట్టి రెండో దారి తేలిక. చివరి మెట్టు దాకా వెళ్లాలంటే రౌండ్‌టేబుల్‌లోని కమ్మరి హ్యూగ్ దగ్గరికే రావాలి. గనుల్లోనూ ఇతర చోట్లా దొరికే బెల్ బేరింగ్‌లు తెచ్చి అక్కడి జంట బొమ్మలకు ఇస్తే, ప్రాచీన డ్రాగన్ రాళ్లు తప్ప మిగతా రాళ్లు కావలసినన్ని కొనుక్కోవచ్చు. రాళ్ల కోసం ఊరంతా వెతికే పని తప్పుతుంది.

ప్రాణం నింపుకునే ఫ్లాస్క్‌లు ట్రోఫీ జాబితాలో లేవు. కానీ పూర్తి చేశామనిపించుకోవాలంటే లెక్కలోకి తీసుకోవాల్సిందే. నాలుగుతో మొదలై 14 దాకా పెరగడానికి 30 గోల్డెన్ సీడ్‌లు కావాలి. మొదట ఒక్కో ఫ్లాస్క్‌కు ఒకటి, చివర్లో ఐదేసి. వాటి బలం ప్లస్ 12 చేరడానికి 12 సేక్రెడ్ టియర్స్. బాస్ దగ్గర పదేపదే చచ్చేవాళ్లలో ఎక్కువమంది కత్తి మీద పాయింట్లు పెట్టి ప్రాణం మీద పెట్టరు. రాజధాని చేరేసరికి విగర్ అనే ప్రాణశక్తి 40, చివరి ప్రాంతాలకు 60 ఉంటే ఒక్క దెబ్బకే చావడం ఆగుతుంది. 60 దాటాక పెంచినా లాభం తక్కువ.

ఇప్పుడు ముగింపులు. ఆట నిరంతరం తనంతట తానే సేవ్ చేస్తుంటుంది. పాత చోటికి వెనక్కి పోయే వీలు ఆటలో లేదు. ఒకే ప్రయాణంలో మూడు ముగింపులూ కావాలంటే సేవ్ ఫైల్‌ను మనమే కాపీ చేసుకోవాలి. చివరి బాస్ ఎల్డెన్ బీస్ట్‌ను ఓడించాక, ముగింపు ఎంచుకోకుండా, ఆట పూర్తిగా మూసేయాలి. కంప్యూటర్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో ఎల్డెన్‌రింగ్ ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తిరిగి వచ్చి విగ్రహాన్ని తాకి మొదటి ముగింపు చూడండి. ట్రోఫీ వచ్చాక ఆట మూసి, పాత ఫోల్డర్ తిరిగి పెట్టి, ఈసారి నేల మీద నీలంగా మెరిసే రాన్నీ గుర్తును తాకండి. మళ్లీ ఫోల్డర్ మార్చి మూడోదానికి వెళ్లండి. వచ్చిన ట్రోఫీ ఫైలు మార్చినంత మాత్రాన పోదు. సేవ్‌ను ఆన్‌లైన్‌లో దాచే క్లౌడ్ సింక్ ఆన్‌లో ఉంటే మనం పెట్టిన ఫైలు మీదికి వేరేది వచ్చి పడవచ్చు కాబట్టి ఈ పని అయ్యేదాకా ఆఫ్ చేసుకోవాలి.

మూడోదైన ఫ్రెంజీడ్ ఫ్లేమ్ ముగింపుకు లేండెల్ మురుగు సొరంగాల అడుగున త్రీ ఫింగర్స్‌ను తాకాలి. మోగ్ ది ఒమెన్ గది వెనక దాక్కున్న దారిలో, లోతైన బావిలాంటి దాంట్లో అంచు నుంచి అంచుకు దూకుతూ దిగాలి. చాలామంది పడి చచ్చేది ఇక్కడ, కాబట్టి చేతిలోని రూన్లు, అంటే ఆటలోని నాణేలు, ఖర్చు చేసేసి దిగండి. అడుగున తలుపు ఒంటిమీది కవచాలన్నీ తీసేస్తేనే తెరుచుకుంటుంది. తలుపు పక్కన గ్రేస్ వెలిగించి, లోపలికి వెళ్లకుండా తిరిగి రావాలి. నిప్పు పెట్టకముందే ఈ గ్రేస్ వెలిగించి ఉంచుకుంటే చివర్లో నేరుగా అక్కడికి ఫాస్ట్ ట్రావెల్ చేయొచ్చు. ముందే లోపలికి వెళ్లి తాకేస్తే మిగతా ముగింపులన్నీ మూసుకుపోతాయి. మిల్లిసెంట్ అనే అమ్మాయి కథ పూర్తిచేసి, మలీనియాను ఓడించి, మికెల్లా సూది సంపాదించి, ప్లాసిడ్యుసాక్స్ డ్రాగన్ ఉండే చోట వాడితేనే ఆ ముద్ర పోతుంది. అది చాలా పెద్ద చుట్టుదారి.

గేమింగ్ సెంటర్‌లో ఆడేవాళ్లకు ఒక మాట. సేవ్ ఫైల్ స్టీమ్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. సెంటర్ వాళ్ల ఖాతాతో ఆడి, ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి సొంత ఖాతాలో పెడితే తెరుచుకోదు. ట్రోఫీలు కూడా వాళ్ల ఖాతాకే పోతాయి. మొదటి రోజు నుంచే సొంత ఖాతాతో లాగిన్ అవ్వాలి, లేచేముందు ఫోల్డర్ కాపీ చేసుకుని లాగౌట్ అవ్వాలి. పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో సేవ్‌ను యూఎస్‌బీలోకి తీసుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లు మాత్రం పీఎస్ ప్లస్ చందా ఉన్నవాళ్లకే, అదీ క్లౌడ్‌లోనే. చందా లేనివాళ్లు సంపాదించిన సరుకుతోనే ఆటను మళ్లీ మొదలుపెట్టే న్యూ గేమ్ ప్లస్‌తో మొత్తం మూడుసార్లు తిరగాలి. అప్పుడు పొడుగైన రాన్నీ ముగింపు మొదటి ప్రయాణంలో చూసేసి, మిగతా రెండూ తర్వాతి ప్రయాణాల్లో పెట్టుకోవాలి. ఆయుధాలు, తావీదులు మనతోపాటే వస్తాయి, తప్పనిసరి బాసులు మాత్రం కొడితే చాలు.

మన ఊళ్ల ఎండ, కరెంటు గురించి ఏ గైడూ చెప్పదు. పీఎస్5 వాడాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య అని తయారీదారే చెబుతాడు. మే నెలలో మన దగ్గర బయట 40 దాటడం మామూలే. మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, టీవీ బల్ల అరలో ఇరికించి నడిపితే అది వేడెక్కి ఆగిపోతుంది. వెనక జానెడు ఖాళీ వదిలి, పొద్దున్నో రాత్రో ఆడటం మేలు. సేవ్ రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు మామూలు 600 వీఏ యూపీఎస్ చాలదు, అది మోసేది సుమారు 360 వాట్లే. ఆట నడుస్తుండగా బ్యాటరీ మీద పడగానే ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది. ఒక కేవీఏది తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఫైలు పాడైనా, అదే ఫోల్డర్‌లో చివర బ్యాక్ అని ఉండే ఫైలు ఆట స్వయంగా దాచుకున్న పాత కాపీ. పాడైనదాన్ని పక్కకు జరిపి, దీని పేరు చివరి ఆ ముక్క తీసేస్తే చాలాసార్లు పని చేస్తుంది.

తల్లిదండ్రులు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. ఈ ఆటలో పాజ్ బటన్ లేదు. మెనూ తెరిచినా శత్రువు ఆగడు. అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం అమ్మా" అనడం ప్రతిసారీ సాకు కాదు. అయితే మెనూలో క్విట్ గేమ్ నొక్కితే నిల్చున్న చోటే సేవ్ అవుతుంది, మళ్లీ వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలవుతుంది. బాస్‌తో పోరు మధ్యలో ఐతే ఆ ఒక్క పోరు మాత్రమే మళ్లీ చేయాలి. కాబట్టి పిలిచాక ఒక నిమిషంలో లేవవచ్చు, ఆ నిమిషం ఇవ్వండి.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే విస్తరణలో కొత్త ట్రోఫీలు లేవు. 42 పూర్తిచేసినవాళ్లు అది ఆడాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఆడాలంటే రాడాన్‌ను, సొరంగాల్లో కాక తన మందిరంలో ఉండే రక్తప్రభువు మోగ్‌ను ఓడించి, మోగ్ మందిరంలోని గుడ్డులోంచి వేలాడే చేతిని తాకాలి. అక్కడ మన బలం మామూలు లెవెల్ మీద కాక స్కాడుట్రీ ముక్కల మీద ఆధారపడుతుంది. 50 ముక్కలకు 20 మెట్లు. ఆత్మల బూడిదకు 25 ముక్కలు, 10 మెట్లు. ఇవి వదిలేసి బాస్‌ల మీదికి వెళ్లినవాళ్లే ఆ విస్తరణ అన్యాయంగా కఠినమని అంటారు. వరుస ఇక్కడా ముఖ్యమే. షాడో కీప్ అనే కోటను సమీపించగానే మాయ విడిపోయి దారిలో కలిసినవాళ్లంతా మారిపోతారు. కాబట్టి అంతకుముందే మూర్, ఆన్స్‌బాక్, థియోలియర్, ఫ్రేయాలతో మాటలు అయిపోయేదాకా మాట్లాడండి. అలాగే రోమినా అనే బాస్‌ను ఓడించాక సీలింగ్ ట్రీకి నిప్పు పెట్టేముందు మిగిలిన కథలన్నీ ముగించుకోండి.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ఏ వీడియో గేమ్ గురించి రాసినా మూడు వివరాలు పక్కన వేయండి: వయసు రేటింగ్ ఎంత, ఆట లోపల కొనుగోళ్లు ఉన్నాయా లేవా, పూర్తి చేయడానికి నిర్ణీత జాబితా ఉందా లేదా. ఈ మూడూ వెతకడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆదివారం అనుబంధంలో చదరంగం ఎత్తులకు స్థలం ఇస్తున్నట్టే, నెలకొకసారి ఇలాంటి ఒక ఆట వరుసను తెలుగులో వేస్తే, ఇంగ్లిష్ వీడియోలు అర్థంకాక మధ్యలో వదిలేసే మన పిల్లలు కూడా మొదలుపెట్టినదాన్ని పూర్తిచేయగలుగుతారు. కావాలంటే తర్వాతి ఆటకు రాసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ